హస్తవాసి అంటే గిట్టని డాక్టరమ్మ

మా బడంగ్‌పేట్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక కొత్త కోడలు అడిగింది, దగ్గర్లో మంచి పిల్లల డాక్టరు ఎవరున్నారండీ అని. నీళ్ళ ట్యాంకరు గురించి అడిగితే మా గ్రూపులో జవాబు చెప్పే నాథుడుండడు. డాక్టరు గురించి అడిగితే మాత్రం అందరూ నిద్ర లేస్తారు. ఒకరు కమాను పక్కనుండే ఆయన పేరు పెట్టారు. ఇంకొకరు, ఆయన దగ్గర జనం ఎక్కువ, ఫలానా ఆవిడైతే ఒక్క డోసుతో తగ్గించేస్తుంది అన్నారు. పై ఫ్లోరు పెద్దావిడకి టైపు చెయ్యడం రాదు కాబట్టి గొంతు రికార్డు చేసి పంపించింది. "గా సార్ దగ్గరికే పో అమ్మా. హస్తవాసి శానా మంచిది."

నేను ఊరుకోలేక, 'రిజిస్ట్రేషన్ నంబరు ఎవరైనా చూశారా?' అని రాశాను. కాసేపటికి ఎవరో ఒక నవ్వే బొమ్మ పెట్టారు.

ఆ ప్రశ్న నాది కాదు. నాకు దాన్ని నేర్పినావిడ పోయి ఏడాది దాటింది. ఆ సంగతి చైతన్యపురిలో మా పాత ఇంటి ఓనరమ్మ ఫోనులో చెప్పింది, అదీ వేరే మాటల మధ్యలో. "మన పిల్లల మేడం లేదా, పోయిందమ్మ పాపం" అని, వెంటనే బోరు మోటారు కాలిపోయిన సంగతిలోకి దిగింది. నేను మోటారు కథ మొత్తం విన్నాను. అయ్యో అనాల్సిన చోటల్లా అయ్యో అన్నాను. ఏ అయ్యో దేనికో నాకే తెలీలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే, "పేరెందుకు రాసినవ్, నంబరు రాయకపోయినవ్" అనేది.

నేను చైతన్యపురిలో ఆ సందులో కాపురం పెట్టేనాటికి నాకు ఊరూ తెలీదు, మనుషులూ తెలీదు. మాది తెనాలి వైపు. మావారిది పెద్ద పెద్ద పంపులు బిగించే కంపెనీ. నెలలో సగం రోజులు నాగపూర్‌లోనో ఇంకెక్కడో సైటు మీద ఉంటారు. పాపకి ఐదో నెల రాగానే అమ్మ మమ్మల్ని తీసుకొచ్చి ఆ కిరాయి ఇంట్లో దింపింది. నాలుగు రోజులుండి, తమ్ముడి పెళ్ళిపనులున్నాయని వెళ్ళిపోయింది. ఇంక ఆ ఇంట్లో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. వినే మనిషికి మాటలు రావు. తోపుడుబండి వస్తే అవసరం లేకపోయినా బెండకాయలు బేరం చేసేదాన్ని, రెండు మాటలు కలుస్తాయని. బయటికి వస్తే వీధి నిండా కోచింగ్ పిల్లలు, హాస్టల్ పిల్లలు, భుజాన సంచులతో ఒకళ్ళనొకళ్ళు రాసుకుంటూ పోయేవాళ్ళు. అంతమందిలో నా పేరు తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు.

పాపకి మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు మెయిన్ రోడ్డు మీద కనిపించిన మొదటి బోర్డు కిందకి పరిగెత్తాను. డాక్టరు పేరు కింద రెండు వరసల అక్షరాలున్నాయి, పొట్టి పొట్టివి, మధ్యమధ్య చుక్కలతో. అన్ని చదువులు చదివినాయన పాపని సరిగ్గా చూడనైనా చూడకుండా సూదిమందు వేసి పంపించాడు. జ్వరం తగ్గలేదు. పాప ఏడుపు విని ఓనరమ్మ పైకొచ్చింది.

"గల్లీ చివర్ల మేడం ఉండంగ రోడ్డు మీదికెందుకు పోయినవమ్మా? ఆమెది బంగారమసుంటి హస్తవాసి. జర నోరు కటువు, గంతే."

గల్లీ చివర ఒక పాత ఇల్లు. ముందు గది ఆసుపత్రి, వెనక గదుల్లో ఆవిడ ఉండేది, ఒక్కతే. ముందు వచ్చినవాళ్ళు ముందు, వెనకొచ్చినవాళ్ళు వెనక, ఆ లెక్క తల్లులే చూసుకునేవాళ్ళు. నా వంతు రాగానే పాపని ఆవిడ చేతికివ్వబోయాను. ఆవిడ చేతులు చాపలేదు.

"ముందు నన్ను చూసుకో" అంది.

నాకేం అర్థం కాక చూశాను. సన్నటి మనిషి, మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, గంజిపెట్టిన నూలు చీర, ముంజేతికి లోపలివైపు తిప్పి పెట్టుకున్న వాచీ.

"నా మొఖం కాదమ్మా, నంబరు." గోడమీద పటం కట్టిన సర్టిఫికెట్టు చూపించింది. "ఫోనున్నది కద. వైద్యమండలి వెబ్‌సైట్ తెరువు. నంబరు కొట్టు."

ఒళ్ళో కాలిపోతున్న పాప, ఒక చేతిలో ఫోను. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "ముందు పాపని చూడండి డాక్టరుగారూ" అన్నాను.

"బిడ్డను గేటు దాటినప్పటి సంది చూస్తున్న. ఊపిరి మంచిగున్నది, కండ్లు తిప్పుతున్నది, నీ గొలుసు పట్టి గుంజుతున్నది. జల్ది లేదు. నువ్వు కొట్టు."

కొట్టాను. పేరు వచ్చింది. చదవమంది. చదివితే, గట్టిగా చదవమంది. తండ్రి పేరు కూడా చదవమంది. ఎంబీబీఎస్ ఒక్కటే ఉందా, పిల్లల వైద్యం చదివినట్టు కూడా ఎక్కించి ఉందా చూడమంది. ఉంది. "ఒకరి నంబరు ఇంకొకరు బోర్డు మీద ఏసుకుంటరు. అందుకె తండ్రి పేరు గూడ కలవాలె" అని, అప్పుడు స్టెతస్కోపు బిళ్ళని తన చెంపకి రుద్ది వెచ్చచేసుకుని, "ఇగ దా తల్లీ" అని పాపని అందుకుంది. ఆ గొంతు వేరే. ఆవిడ దగ్గరున్న తీపి మాటలన్నీ పిల్లలకే, తల్లులకి ఒక్కటీ మిగిల్చేది కాదు.

పాపని చూశాక రోడ్డు మీది ఆయన చీటీ అడిగింది. దానిమీద నంబరు లేదు. పేరుతో వెతికించింది. అలాంటి పేర్లు బోలెడున్నాయి గానీ వాటిలో పిల్లల డాక్టరు ఒక్కరూ లేరు.

"ఎవ్వడో తెల్వనోని చేతుల బిడ్డనెట్ల పెట్టినవ్?"

నాకు ఉక్రోషం వచ్చింది. అయినా నిజమే మరి. మేం వంకాయ కొంటే తొడిమ తిప్పి చూస్తాం. చీర కొంటే వెలుతురులోకి తెచ్చి చూస్తాం. కిరాయి ఇంటికి బోరు ఉందా, మంచినీళ్ళు ఏ టైముకొస్తాయి, పొయ్యి ఏ మూల ఉంది అని నలుగురిని అడుగుతాం. పిల్లకి సూదిమందు వేసే మనిషి దగ్గరికొచ్చేసరికి హస్తవాసి బాగుంటుందటగా అని కళ్ళు మూసుకుంటాం. ఆ మాట వింటే చాలు ఆవిడకి ఒళ్ళు మండేది. మొక్కుబడి తీర్చుకున్నట్టు దండం పెట్టి "మీ చెయ్యి పడ్డది, ఇగ తగ్గుతది మేడం" అన్న నానమ్మలందరికీ చీవాట్లు పడేవి. "నా చేతులేమున్నది? రాసిన మందు ఏసినవా లేదా?" అనేది.

గదిలో ఆవిడకి కొన్ని పద్ధతులుండేవి. పిల్ల ఛాతీ చూసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఎంత ఎండాకాలమైనా సరే. తలుపు మూయాలి. బయట బెంచీల మీద ఎవరైనా గుసగుసలాడితే "సప్పుడు చెయ్యొద్దు!" అని ఒక్క అరుపు అరిచేది, ఆ అరుపుకి నిద్రపోయే పిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు. మందు రాశాక చీటీ చేతికిచ్చేది కాదు, పట్టుకుని కూర్చునేది. "ఇదెందుకు రాసిన్నో అడుగు" అనేది. అడిగితే గానీ వదలదు. గౌను పైకెత్తి, పాప డొక్కలు ఎగరేస్తోందా, పక్కటెముకల కింద లోపలికి గుంజుకుంటోందా చూడటం నాకు నేర్పించింది. "నాకు ఫోన్ చేసుడు తర్వాత. ముందు బట్ట ఎత్తి చూడు" అనేది.

నాకు మాత్రం ఆవిడ నుంచి కావలసింది వేరే. ఏం కాదులేమ్మా, నేనున్నాను కదా అని ఒక్కసారి అంటే చాలనిపించేది. ఆ మాట ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. అయినా పాపకి చిన్న తుమ్ము వచ్చినా వెళ్ళేదాన్ని, రాకపోయినా వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం పాప సరిగ్గా తినడం లేదని వంక పెట్టుకుని వెళ్ళాను. జనం లేరు. ఆవిడ పాప బుగ్గలు చూసింది, చేతులు చూసింది, కాటాలో పడుకోబెట్టింది.

"బిడ్డ మంచిగున్నది. నీకే మాట్లాడెటోళ్ళు లేరు. గంతేనా?"

నేను తల దించుకున్నాను. "కూసో" అంది. లోపలికి వెళ్ళి బత్తాయిలు తెచ్చింది. అప్పటికింకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు అక్కడే ఉండేది, సందులో ఎవరింట్లో చూసినా బత్తాయిలే. తొక్క తీసి సగం నాకిచ్చి సగం తను తింది. నేను మాట్లాడాను. అమ్మ గురించి, మావారు ఫోనులో మాట్లాడే నాలుగు ముక్కల గురించి, గోడలు చూసి చూసి విసుగెత్తడం గురించి. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా విన్నది. ఈ ఊరొచ్చాక ఎవరూ నా మాట అలా వినలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కడుపునిండా తిన్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఆవిడ ఆసుపత్రి మూయలేదు. గదిలోకి కాకుండా కిటికీ దగ్గరికి రమ్మనేది. తల్లులు కిటికీకి ఇవతల నిలబడి చెప్పుకుంటుంటే లోపలి నుంచి విసుక్కునేది. "మాస్కు తీసి మాట్లాడు!"

సందంతా గగ్గోలైంది. ముక్కూ మూతీ మూసుకోండని లోకమంతా మొత్తుకుంటుంటే ఒక డాక్టరు మాస్కు తీయమనడం ఏంటి? "మేడంకు దిమాక్ ఖరాబైంది" అని ఓనరమ్మ తేల్చేసింది. కొందరు భయపడి మానేశారు. నాకూ కోపం వచ్చింది. ఇంత చదివిన మనిషి ఇలాగా అనుకున్నాను. అనుకుంటూనే వెళ్ళాను, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీక.

ఆ గొడవ కాస్త సద్దుమణిగి, జనం మళ్ళీ పెళ్ళిళ్ళకి పోతున్న రోజుల్లో పాపకి దగ్గు పట్టుకుంది. అప్పటికి మాటలు బాగా వచ్చాయి. మావారు సైటు మీదే ఉన్నారు. దగ్గు మీద జ్వరం, పొద్దున్నే గౌను ఎత్తి చూస్తే డొక్కలు కొద్దిగా ఎగరేస్తోంది. ఎత్తుకుని గల్లీ చివరికి పరిగెత్తాను.

ఆవిడ పాపని బల్లమీద కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, తలుపు మూసింది. స్టెతస్కోపు పెట్టి ఛాతీ మీద చూసింది, వీపు మీద చూసింది, మళ్ళీ ఛాతీ మీద చూసింది. బిళ్ళ జరిపి కళ్ళు మూసుకుంది. ఎంతసేపైందో, ఆవిడ స్టెతస్కోపు తీసి, అది ఏదో కొత్త వస్తువైనట్టు చేతిలో పట్టుకుని చూసింది. ఉన్నట్టుండి దాన్ని నా చెవులకి పెట్టింది. "విను. ఏమన్న ఇనొస్తున్నదా?"

నాకేం తెలుస్తుంది? గుండె కొట్టుకోవడం వినిపించింది, ఇంకేదో కూడా వినిపించింది. ఏది ఉండాల్సిన చప్పుడో, ఏది ఉండకూడని చప్పుడో నాకెలా తెలుస్తుంది. నా మొహం చూసి ఆవిడ వెంటనే లాగేసుకుంది.

"నాది బుద్ధి తక్కువ" అంది. కుర్చీలో కూర్చుంది. "నాకు ఇనొస్తలేదమ్మా. శానా దినాల సంది తగ్గుకుంట వస్తున్నది. మూతి కదిలేది చూసి మాటలు పట్టుకుంటున్న. ఈ మాస్కులొచ్చి అది గూడ పాయె."

ఫ్యాను ఎందుకు ఆపించేదో, ఆ అరుపులెందుకో, బత్తాయిలు తిన్న మధ్యాహ్నం నా మొహం మీది నుంచి చూపెందుకు తిప్పలేదో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెవి మిషను పెట్టుకోవచ్చు కదండీ అన్నాను, మాస్కు కిందికి లాగి. "పెట్టి చూసిన. మాట పెద్దగైతది. లోపలి సన్న సప్పుడు తెలుస్తలేదు. నీ బిడ్డ ఊపిరి చూస్తె నాకు అనుమానమున్నది. అనుమానం మీద మందు రాయను. ఎల్‌బీనగర్ పో. ఆడ ఒక పిల్లల డాక్టర్ ఉన్నడు, పేరు రాసిస్త."

నేను కదల్లేదు. నాకు ఆ ఊళ్ళో ఉన్న మనిషి ఆవిడొక్కతే. ఇంకో గది, ఇంకో మొహం, ఇంకో వరస, వాటికి నాలో ఓపిక లేదు. నన్ను ఇప్పుడు వదలొద్దని బతిమాలాను. చివరికి నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. "మీరు చెయ్యి వేస్తే తగ్గిపోతుందండీ. మీ హస్తవాసి..."

"ఆ మాటనకు!"

పాప బెదిరి ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ పాప వీపు నిమురుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా ఊర్ల ఒకాయన ఉండె. డాక్టరంటే డాక్టరు కాదు. హస్తవాసి మంచిదని సుట్టుపక్కల ఊర్లన్ని ఆయన దగ్గరికే పోతుండె. మా తమ్మునికి జ్వరమొస్తె మా నాయన భుజం మీద ఏస్కోని ఆడికే తీస్కపోయిండు. ఆయన సూదేసిండు. మర్లి వచ్చేటప్పుడు గూడ మా నాయన భుజం మీదనే తెచ్చిండు."

అంతే చెప్పింది. లేచి ఫ్యాను వేసి, కాగితం మీద పేరూ నంబరూ రాసిచ్చింది. నేను తీసుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ అంది, "నేను పంపిన్నని నమ్మకు. నువ్వు చూసుకో."

ఆటోలో పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసుకున్నాను. పేరు కలిసింది. పిల్లల వైద్యం చదివినట్టు ఉంది. ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పాప గౌను ఎత్తి మళ్ళీ చూశాను. ఆ కుర్ర డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే న్యుమోనియా అన్నాడు. ఎక్స్‌రే తీయించి వెంటనే చేర్చుకున్నారు. ఒక్కరోజు ఆలస్యమైతే కష్టమయ్యేదట. మావారు రైలెక్కి వచ్చేసరికి పాప లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది.

ఇంటికొచ్చాక పాపని తీసుకుని గల్లీ చివరికి వెళ్ళాను. బోర్డు తీసేశారు. గేటు దగ్గర ఒకామె పసిపిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. "మందు వద్దు మేడం, ఒక్కసారి ముట్టుకుంటె సాలు" అని వేడుకుంటోంది. ఆవిడ మెట్ల మీద నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేనిప్పుడు డాక్టర్ను కాదమ్మా. పో. నంబరు చూసుకోని పో." ఆ పిల్లాడు ఆవిడ వైపు చూసి నవ్వాడు. అయినా ఆ చేతులు ముందుకి రాలేదు.

మమ్మల్ని లోపలికి రమ్మంది. బెంచీలన్నీ ఖాళీ. పాప గౌను ఎత్తి ఛాతీ చూసింది, కళ్ళతోనే. బాగుందని తల ఊపింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

"ఆ దినం ఛాతీల సప్పుడున్నదా?"

మాస్కు తీశాను. నా నోటి వైపే చూస్తోంది. లేదండీ, ఎక్స్‌రేలోనే తెలిసింది అంటే సరిపోతుంది. ఆ రోజు వినడానికి ఏమీ లేదనుకుంటుంది. తన చెవులు మరీ అంత పాడవలేదనుకుంటుంది. రేపు బోర్డు మళ్ళీ తగిలిస్తుంది. నా డాక్టరమ్మ నాకుంటుంది. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు గేటు దగ్గరి పసిపిల్లాడు గుర్తొచ్చాడు.

"ఉందండీ" అన్నాను. "కుడివైపు కింద. ఆయన పెట్టగానే చెప్పేశారు."

ఆవిడ తన చెవి పక్కనున్న నాలుగు వెంట్రుకలు రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా నలిపింది. "గిట్లుంటది ఆ సప్పుడు. సదువుకునేటప్పుడు మాకు గిట్లనే నేర్పిండ్రు. ఎంటికలు చెవి దగ్గర పెట్టుకోని నలుపుమంటరు." మళ్ళీ నలిపింది. రెండో చెవి దగ్గరా నలిపింది. ఇటు తిప్పి, అటు తిప్పి, అలా నలుపుతూనే ఉంది. "ఇది గూడ ఇనొస్తలేదు" అంది, నాతో కాదు.

పాప ఇదేదో ఆట అనుకుంది. తన జుట్టు పట్టుకుని చెవి దగ్గర నలుపుకుని, కళ్ళు పెద్దవి చేసి అరిచింది. "నాకు ఇనొస్తుంది! నాకు ఇనొస్తుంది!"

పాప చెయ్యి అడ్డం ఉండి ఆవిడకి నోరు కనబడలేదు. నా వైపు తిరిగింది. "ఏమంటున్నది?"

నేను చెప్పాల్సి వచ్చింది. "తనకి వినపడుతోందటండీ."

ఆవిడ నవ్వింది. చెయ్యి చాపి పాప తల మీద పెట్టింది.

"అయితె బిడ్డ చెవులు మంచిగున్నయి" అంది. "ఇగ పోండి."

గేటు దాటేదాకా నేను బాగానే ఉన్నాను. మలుపు తిరిగాక, కోచింగ్ వదిలినట్టున్నారు, వీధి నిండా పిల్లలు. వాళ్ళ మధ్యలోంచి పాప చెయ్యి పట్టుకుని, ఎవరు చూసినా సరే అనుకుని, ఏడ్చుకుంటూ ఇంటికి నడిచాను.